పాత జీపు గేర్‌బాక్స్‌ను తక్కువ ఖర్చులో బాగు చేయడం ఎలా?

పాత జీపు గేర్‌బాక్స్ మోత పెట్టినా, రెండో గేరు ఎగిరి న్యూట్రల్‌లో పడుతున్నా చాలామంది ముందు గేర్లనే అనుమానిస్తారు. కొత్త గేర్లు కొంటారు, లేదా ఎక్కడో ఇంకో పాత బాక్స్ దొరికిందని తెచ్చి బిగిస్తారు. రెండూ దండగ ఖర్చులే. ఈ బాక్సుల్లో పళ్లు అంత తేలిగ్గా పాడవవు. పాడయ్యేవి వాటిని మోసేవి: బాల్ బేరింగులు, లే గేరు (మెయిన్ షాఫ్ట్ కింద తిరిగే గేర్ల కట్ట) లోపలి నీడిల్స్ అనే సన్నటి రోలర్లు, దాని రెండు చివర్లా ఉండే థ్రస్ట్ వాషర్లు. అవి అరిగి షాఫ్టులు కదలడం మొదలైతే పళ్లు పూర్తి వెడల్పులో కలవవు, ఏటవాలుగా కలుస్తాయి. లోడు పడగానే గేరు తనంతట తానే బయటికి జారుతుంది. అదే లూజు షాఫ్టు మీద కొత్త గేరు పెడితే అదీ ఎగురుతుంది. అందుకే ముందు షాఫ్టుల ఆట, అంటే ఆ లూజు, తీసేయాలి, పళ్ల సంగతి తర్వాత చూసుకోవాలి.

ఇక్కడ చెప్పేది విల్లీస్ సీజే జీపుల్లో 1945లో మొదలై 1971 దాకా వచ్చిన బోర్గ్ వార్నర్ టీ-90 మూడు గేర్ల బాక్స్ గురించి, దాని వెనక బిగించి ఉండి, శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేస్ గురించి. యుద్ధకాలపు ఎంబీ జీపులో ఉన్నది టీ-84. పైకి పోలిక కనిపించినా ఆ భాగాలు దీనికని కొనకండి. లే గేరులో నీడిల్స్ ఉండే వేరే పాత ఫోర్ వీల్ డ్రైవ్ బాక్స్ మీ చేతిలో ఉంటే కొలతలు మారతాయి, పద్ధతి ఇదే.

దించకముందే జబ్బు తెలుసుకోండి

బాక్స్ దించడం ఒక రోజు పని. దించకుండా తేలే జబ్బుకి దించకండి. ఇంజిన్ మౌంటు రబ్బర్లు, బాక్స్ కింద క్రాస్ మెంబర్ రబ్బరు చితికిపోయి ఉంటే ఎక్కువ లోడు మీద ఇంజిన్ కదులుతుంది, గేర్ రాడ్డు ఫ్లోర్ ప్లేటుకి తగులుతుంది, గేరు ఎగురుతుంది. క్లచ్‌ని కప్పి ఉండే బెల్ హౌసింగ్ బోల్టులు వదులైనా అంతే. ముందు వీటిని చూడండి, ఖర్చు దాదాపు ఉండదు.

తర్వాత చెవి పెట్టండి. న్యూట్రల్‌లో క్లచ్ పెడల్ వదిలేసినప్పుడు మోత వచ్చి, నొక్కగానే ఆగితే అది ముందు బేరింగో లే గేరో. ఒకటి, రెండు గేర్లలో మోత ఉండి మూడో గేరులో తగ్గితే లే గేరు నీడిల్సే. మూడో గేరు డైరెక్ట్ కాబట్టి అప్పుడు లే గేరు తిరుగుతుంది గానీ భారం మోయదు. అన్ని గేర్లలోనూ ఒకేలా, బండి వేగంతో పాటు పెరిగే మోతైతే ట్రాన్స్‌ఫర్ కేస్‌ని అనుమానించండి. స్పైసర్ 18లో వెనక షాఫ్ట్ పక్కకు జరిగి ఉంటుంది, అందువల్ల హై రేంజిలో కూడా శక్తి మధ్య గేరు మీదుగానే వెళ్లాలి. కొంత ఈల ఈ కేసుకి సహజం. దాన్ని పూర్తిగా పోగొడతామని ఎవరైనా చెబితే నమ్మకండి.

రివర్స్ వేసేటప్పుడు కరకర వస్తే బాక్స్‌ని తిట్టకండి. పెడల్ పూర్తిగా నొక్కి మూడు సెకన్లు ఆగి వేయండి. అప్పుడూ కరకరలాడితే క్లచ్ పూర్తిగా వదలడం లేదు, లేదా క్రాంక్ చివర ఉండే పైలట్ బుష్ ఎండిపోయి ఇన్‌పుట్ షాఫ్ట్‌ని పట్టుకుంటోంది. మొదటి గేరుకి ఈ బాక్సులో సింక్రో (గేరు పడేముందు వేగాలని సమం చేసే ఏర్పాటు) లేదు. బండి కదులుతుండగా మొదటి గేరు వేసే అలవాటుంటే ఎంత బాగా చేసినా ఆ పళ్ల అంచులు మళ్లీ చిట్లుతాయి.

కావలసినవి

పానాల సెట్టు, ఇత్తడి రాడ్డు, మెత్తటి సుత్తి, సర్‌క్లిప్ ప్లయర్, రెండు కాళ్ల పుల్లర్, ఫీలర్ గేజ్, వెర్నియర్, జాకీ, బండిని నిలబెట్టే గట్టి స్టాండ్లు. వాజలీన్ ఒక డబ్బా. ఇనుప రాడ్డుతో, ఉలితో ఈ బాక్సు దగ్గరికి రాకూడదు. బిరుసెక్కించిన షాఫ్టుల చివర్లు వాటి దెబ్బలకి చిట్లుతాయి.

దించడం, విడదీయడం

ఆయిల్ రెండు చోట్లా వేర్వేరుగా దింపండి. బాక్స్‌లో ఆయిల్ తక్కువ, ట్రాన్స్‌ఫర్ కేస్‌లో నిండిపోయి ఎక్కువ వస్తే రాసి పెట్టుకోండి, మధ్య సీలు పోయిందని అర్థం. ఫ్లోర్ ప్లేటు, గేర్ రాడ్డు, ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ, స్పీడోమీటర్ కేబుల్, హ్యాండ్ బ్రేక్ కేబుల్, క్లచ్ లింకు విప్పండి. ఇంజిన్ సంపు కింద చెక్క పలక పెట్టి జాకీతో ఆనించండి, ఆ తర్వాతే క్రాస్ మెంబర్ తీయండి. బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ కలిపి ఒకే ముద్దగా కిందికి వస్తాయి. ఒక్కరు చేతులతో పట్టుకునే బరువు కాదు. ఇంకో జాకీ మీదికి దించండి.

రెండింటినీ విడదీసేటప్పుడు ఒక తప్పు దాదాపు ప్రతిచోటా జరుగుతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక మూత తీసి, స్ప్లిట్ పిన్ లాగి, మెయిన్ షాఫ్ట్ నట్టు విప్పి, డ్రైవ్ గేరు లాగాక, ఐదు బోల్టులు తీసి కేసుని వెనక్కి పెకలిస్తారు. మెయిన్ షాఫ్ట్ కూడా దాంతో పాటే జరిగి వస్తుంది. లోపల సింక్రో భాగాలు విడిపోయి అడుగున పడతాయి, ఏది ఎటు ఉందో ఇక తెలియదు. దీనికి మూరెడు తీగ చాలు. పై కవర్ తీసి, రెండో గేరు వెనకగా మెయిన్ షాఫ్ట్ చుట్టూ తీగ వేసి, రెండు కొసల్నీ కవర్ ముందు స్క్రూలకి అటూ ఇటూ కట్టి మెలిపెట్టండి. ఇప్పుడు కేసుని వెనక్కి లాగుతూ మెయిన్ షాఫ్ట్ కొసని మెత్తటి సుత్తితో తట్టండి. షాఫ్ట్ బాక్సులోనే ఉండిపోతుంది.

బాక్స్ వెనక వైపు లే షాఫ్ట్, రివర్స్ షాఫ్ట్ రెండింటి గాడుల్లోనూ కూర్చుని ఒక చిన్న లాక్ ప్లేట్ ఉంటుంది. దాన్ని తీసేయండి. లే షాఫ్ట్‌ని ముందు నుంచి వెనక్కే కొట్టాలి. ప్లేటు గాడి ఉన్న కొస వెనక ఉంది కాబట్టి అది అటే రావాలి. లే గేరు అడుగుకి దిగాక ముందు బేరింగ్ మూత తీసి ఇన్‌పుట్ గేరుని ముందుకీ, మెయిన్ షాఫ్ట్ మొత్తాన్ని పై నుంచీ తీయండి. ప్రతి భాగం తీసేముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ముఖ్యంగా సింక్రో స్ప్రింగుల కొసలు ఏ గాడిలో ఉన్నాయో, వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో. నీడిల్స్ ఏ వరుసలో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి కాగితం మీద రాయండి. ముందు ఎవరో తప్పు లెక్కతో వేసి ఉండొచ్చు కాబట్టి ఈ లెక్కనే గుడ్డిగా నమ్మకండి. దీన్ని సరిచూసే పద్ధతి కింద ఉంది.

ఏది ఉంచాలి, ఏది మార్చాలి

అన్నీ డీజిల్‌లో కడిగి ఆరబెట్టండి. బాల్ బేరింగులు ఎంత బాగా కనిపించినా మార్చేయండి. బయటి రింగు మీద చెక్కిన నంబరు రాసుకుని బేరింగుల దుకాణంలో అడగండి. అదే బేరింగ్ జీపు పేరున్న డబ్బాలో వస్తే ధర వేరే. నంబరు చివరి అక్షరాలు వదిలేయకండి. 'ఎన్' అంటే సర్‌క్లిప్ గాడి ఉన్నది, 'జెడ్' అంటే ఒక వైపు రేకు మూత ఉన్నది. గాడి లేనిది తెస్తే బాక్సులో నిలబడదు.

గేర్ల సంగతికొస్తే, మొదటి గేరు పళ్ల కొసల్లో చిన్న చిట్లింపులు ఉంటే సన్నటి రాయితో నున్నగా చేసి వాడుకోవచ్చు. పళ్ల పక్క ముఖాల మీద గుంటలు పడి, పై పొర పెచ్చులుగా లేస్తుంటే మాత్రం ఆ గేరు పని అయిపోయింది. ఆ పొర కింద ఉన్నది మెత్తటి ఇనుము, ఇక వేగంగా తినేస్తుంది. వెల్డింగ్‌తో పన్ను నింపించే ఆలోచన పెట్టుకోకండి. ఆ వేడికి పక్క పళ్ల బిరుసు కూడా పోతుంది.

సింక్రో రింగు లోపల సన్నటి గాట్లు ఉంటాయి. వాటి అంచులు పదునుగా ఉంటేనే అవి నూనెని చీల్చి గేరు మీద ఉండే కోన్‌ని పట్టుకుంటాయి. అంచులు చదునై మెరుస్తుంటే రింగు పోయింది. రింగుని కోన్ మీద అదిమి తిప్పండి, పట్టుకుని ఆగాలి. గేరు పళ్లకీ రింగు పళ్లకీ మధ్య ఖాళీని కొత్త రింగుతో పోల్చి చూడండి, బాగా తగ్గిపోయి ఉంటే మార్చాలి. రెండు రింగులూ కలిపే మార్చండి. వాటితో పాటు మూడు చిన్న ప్లేట్లు, స్ప్రింగులు కూడా. ఈ మూడింటి ఖర్చు కలిపినా ఒక్క గేరు ధరకి రాదు. పాత కోన్ మీద మెరుపు ఉంటే సన్నటి ఎమరీ కాగితంతో చుట్టూ తిప్పి తీసేయండి.

మెయిన్ షాఫ్ట్ ముందు కొస ఇన్‌పుట్ గేరు గుంటలో రోలర్ల మీద తిరుగుతుంది. ఆ కొస మీద గోరు ఆన్చి లాగండి. గోటికి గీత తగిలితే ఆ షాఫ్ట్‌కి కొత్త రోలర్లు పెట్టినా ఆరు నెలల పనే. లే షాఫ్ట్‌కీ ఇదే పరీక్ష. లే షాఫ్ట్ చవక భాగం, ఏమాత్రం అనుమానం ఉన్నా కొత్తది కొనండి. అరిగిన షాఫ్ట్‌ని లేత్ మీద తీయించి లావు నీడిల్స్ వేయించడం అనే పద్ధతి ఒకటి నడుస్తోంది. పైనున్న బిరుసు పొరని లేత్ తీసేస్తుంది, మిగిలిన మెత్తటి ఇనుములోకి నీడిల్స్ గాడులు చేసుకుంటాయి. ఆ పని చేయించకండి.

పై కవర్‌లో స్ప్రింగులు, గుండ్లు కొత్తవి వేయండి. గేరు మార్చడానికి స్లీవ్‌ని జరిపే ఫోర్కు చివరలు ఆ స్లీవ్ గాడిలో ఒక మిల్లీమీటరు మించి ఆడితే ఫోర్కు మార్చండి. ఫోర్కులు బిగించి ఉండే రెండు రెయిళ్ల మధ్య ఉండే చిన్న ఇంటర్‌లాక్ పిన్ తిరిగి పెట్టారో లేదో రెండుసార్లు చూడండి. అది లేకపోతే రెండు గేర్లు ఒకేసారి పడి బాక్స్ బిగుసుకుపోతుంది. కదులుతున్న బండిలో అది జరిగితే కేసు పగలొచ్చు.

లే గేరు: అసలు పని ఇదే

మిగతా పనుల్లో తప్పు జరిగితే నూనె కారుతుంది, గేరు బిగుతుగా పడుతుంది. ఇక్కడ తప్పు జరిగితే ఒక నీడిల్ పళ్ల మధ్యకి వెళ్లి పన్ను విరుగుతుంది, లేదా కేసే పగులుతుంది. అంత చిన్న ఇనుప ముక్క అంత పని చేస్తుంది. తొందర ఉన్న రోజు ఈ భాగం మొదలుపెట్టకండి.

నీడిల్స్ వేయకముందే ఎండ్ ప్లే, అంటే గేరు ముందుకీ వెనక్కీ జరిగే సందు, చూడాలి. చాలామంది నీడిల్స్ అన్నీ పెట్టి, షాఫ్ట్ కొట్టి, బాక్స్ మూశాక చూస్తారు. అప్పుడు తేడా వస్తే మొత్తం మళ్లీ విప్పాలి, ఆ ఓపిక లేక 'పర్వాలేదు' అని వదిలేస్తారు. ఖాళీ లే గేరుని, వాషర్లతో కలిపి, పొడిగా కేసులో పెట్టి షాఫ్ట్ దూర్చండి. ముందు వైపు పెద్ద కంచు వాషర్‌కి ఒక చెవి ఉంటుంది, అది కేసులోని గాడిలో కూర్చోవాలి. గేరుని ముందుకి నెట్టి పట్టుకుని, వెనక వాషర్ దగ్గర ఫీలర్ గేజ్ దూర్చండి. టీ-90కి ఉండాల్సింది 0.012 నుంచి 0.018 అంగుళాలు, అంటే సుమారు 0.30 నుంచి 0.45 మిల్లీమీటర్లు. ఎక్కువైతే వెనక ఉక్కు వాషర్‌ని కాస్త మందమైన దానితో మార్చండి. అప్పటికీ రాకపోతే కేసు లోపలి ముఖం వాషర్ తిరిగి తిరిగి అరిగిందని అర్థం. ఆ ముఖాన్ని చదునుగా తీయించి మందం వాషర్ వేయాలి. మామూలు రేకుతో వాషర్ కోసి పెట్టకండి. అది నాలుగు రోజుల్లో చితికి ముక్కలై నూనెలో తిరుగుతుంది.

కొలత కుదిరాక గేరు బయటికి తీసి, అసలు షాఫ్ట్ దూర్చేదాకా నీడిల్స్‌ని నిలబెట్టి ఉంచే డమ్మీ షాఫ్ట్ చేసుకోండి. తీసేసిన పాత లే షాఫ్ట్‌నే కటింగ్ డిస్కుతో కోయండి. బిరుసు ఇనుము హాక్సాకి తెగదు. పొడవు లే గేరు, దాని వాషర్లు కలిపినంత, కానీ కేసు లోపలి గోడల మధ్య దూరం కంటే ఒక వెంట్రుకవాసి తక్కువ. అప్పుడే గేరు అడుగుకి దిగినా, పైకి లేచినా అది గోడలకి తట్టదు. రెండు కొసల అంచుల్ని కొద్దిగా చెక్కి, ఒళ్లంతా సన్నటి ఎమరీతో తోమండి. వేళ్లతో తోస్తే జారాలి, దానంతట అది జారిపోకూడదు. కర్ర ముక్కతో డమ్మీ చేసేవాళ్లున్నారు. కర్ర నూనె పీల్చి ఉబ్బుతుంది, అంచు చీలి పేళ్లు లోపల వదులుతుంది. ఇనుముతోనే చేయండి.

ఇప్పుడు నీడిల్స్. పాతవీ కొత్తవీ కలపకండి. పాతవి రవ్వంత సన్నబడి ఉంటాయి, కలిపితే భారమంతా కొత్తవాటి మీదే పడి అవి ముందు పోతాయి. మొత్తం సెట్టు ఒకే పెట్టెలోది కావాలి. గేరు లోపలికి వాజలీన్ మందంగా రాసి, స్పేసర్ గొట్టం మధ్యలో పెట్టి, డమ్మీ దూర్చి, నీడిల్స్ ఒక్కొక్కటిగా నిలబెట్టండి. చాసిస్ గ్రీజు వాడకండి. వాజలీన్ నూనె వేడికి కరిగి కలిసిపోతుంది. ముద్ద గ్రీజు అక్కడే ఉండిపోయి, నీడిల్స్‌కి నూనె అందాల్సిన మొదటి నిమిషాల్లోనే దారి మూసేస్తుంది.

వరుస నిండిందో లేదో తెలిసేది ఇలా. చివరి నీడిల్ పెట్టాక అన్నిటినీ ఒక పక్కకి జరపండి. మిగిలిన సందు కనపడాలి, కానీ ఒక నీడిల్ లావు కంటే తక్కువ ఉండాలి. ఇంకో నీడిల్ పట్టేంత సందుంటే ఒకటి తక్కువ పడింది. చివరిది నొక్కి దూర్చాల్సి వస్తే ఒకటి ఎక్కువ పడింది, లేదా లావు తేడా ఉన్న నీడిల్స్ వచ్చాయి. బాక్స్ విప్పినప్పుడు రాసుకున్న లెక్కకంటే ఈ పరీక్షే నమ్మదగ్గది. ఏ వరుసకి ఆ వరుస చూసి, పై వాషర్ పెట్టి, ఆపైనే తర్వాతి వరుసకి వెళ్లండి.

రివర్స్ గేరు ముందే పెట్టి ఉండాలి, తర్వాత దానికి చోటు దొరకదు. లే గేరు రెండు కొసల కిందా గట్టి దారం చుట్టి, థ్రస్ట్ వాషర్లకి వాజలీన్ పూసి అంటించి, గేరుని కేసు అడుగుకి మెల్లగా దించండి. దారం కొసలు పైకి వచ్చి ఉండాలి. మెయిన్ షాఫ్ట్, ఆ తర్వాత ఇన్‌పుట్ గేరు వాటి స్థానాల్లో బిగించండి. అప్పుడు దారాలు లాగి లే గేరుని పైకి లేపండి, లేదా కేసుని తలకిందులు చేయండి. తలకిందుల పద్ధతే మేలు. గేరు తన బరువుతోనే పళ్లలోకి కూర్చుంటుంది, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి.

కొత్త లే షాఫ్ట్‌కి నూనె రాసి వెనక నుంచి తోయండి. షాఫ్ట్ కొస డమ్మీ కొసని తాకాలి, ఆపైన ఒక్క క్షణం కూడా వాటి మధ్య సందు రాకూడదు. షాఫ్ట్ ముందుకి వెళ్లే కొద్దీ డమ్మీ ముందు రంధ్రం నుంచి బయటికి రావాలి. ఒకరు ముందు వైపు వేలితో డమ్మీని వెనక్కి అదిమి పట్టుకుంటే మంచిది. వేలు వదిలితే డమ్మీ జారుతుంది, ఆ సందులో నీడిల్ అడ్డంగా పడుతుంది, తర్వాతి దెబ్బకి వంగుతుంది. షాఫ్ట్ బిగుసుకుంటే ఇంకా గట్టిగా కొట్టకండి. బిగుసుకుందంటే నీడిల్ అడ్డం పడి ఉండాలి, లేదా వాషర్ చెవి గాడి తప్పి ఉండాలి. వెనక్కి తీసి చూడండి. చెవి గాడి తప్పిన వాషర్ మీద షాఫ్ట్ కొడితే అది వంగి ఎండ్ ప్లే సున్నా అవుతుంది. బాక్స్ మొదటి పది కిలోమీటర్లలోనే వేడెక్కి వాషర్‌ని తినేస్తుంది. వేలితో తిప్పితే లే గేరు హాయిగా తిరగాలి. ఎక్కడైనా పట్టేస్తే ఈ పొరపాటే అయి ఉంటుంది.

షాఫ్ట్ ఇంకో అంగుళం దూరంలో ఉన్నప్పుడే దాని గాడి రివర్స్ షాఫ్ట్ గాడికి ఎదురుగా వచ్చేలా తిప్పుకోండి. పూర్తిగా కొట్టేశాక తిప్పలేరు. ముందు కొస వెళ్లే రంధ్రం చుట్టూ పల్చగా సీలెంట్ రాయండి, లేకపోతే నూనె అక్కడి నుంచి బెల్ హౌసింగ్‌లోకి దిగి క్లచ్ ప్లేటు తడుపుతుంది. అంతా అయ్యాక డమ్మీతో పాటు నీడిల్ ఏదైనా బయటికి వచ్చిందా చూడండి, టార్చి వేసి కేసు అడుగంతా వెతకండి. తెచ్చిన నీడిల్స్‌లో వేసినవి పోగా ఎన్ని మిగలాలో లెక్క వేసి, చేతిలో అన్నీ ఉన్నాయో లేదో సరిచూడండి. లెక్క తప్పితే బాక్స్ మూయకండి.

ట్రాన్స్‌ఫర్ కేస్

స్పైసర్ 18లో మధ్య షాఫ్ట్ మూడు కొలతల్లో వచ్చింది: మొదట్లో మూడు పావుల అంగుళం, ఆ తర్వాత అంగుళం మీద ఎనిమిదో వంతు, చివరికి అంగుళంపావు. భాగాలు కొనేముందు మీ షాఫ్ట్‌ని వెర్నియర్‌తో కొలవండి. దుకాణంలో 'జీపుదే' అని ఇచ్చేది మీ కొలత కాకపోవచ్చు. ఈ మధ్య గేరు నీడిల్స్, వాషర్లు కూడా అరిగి ఉంటే మార్చాలి. పని తీరు లే గేరుదే.

వెనక అవుట్‌పుట్ షాఫ్ట్ టేపర్ బేరింగుల మీద తిరుగుతుంది. దాని ఆట స్పీడోమీటర్ హౌసింగ్ కింద ఉండే షిమ్ములతో (పల్చటి రేకులతో) సరిచేస్తారు. 0.004 నుంచి 0.008 అంగుళాలు ఉండాలి, సుమారు 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్లు. ఆ షిమ్ములు పాతవైనా పారేయకండి. ఒక్కొక్కటీ కొలిచి దాచుకోండి, మళ్లీ అవే వాడతారు. బిగించాక చేత్తో తిప్పితే బరువుగా ఉంటే షిమ్ము చేర్చాలి, పైకీ కిందికీ ఊగితే తీయాలి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించే యోక్ మీద సీలు పెదవి గాడి చేసి ఉంటుంది. అదే చోట కొత్త సీలు వేస్తే మళ్లీ కారుతుంది. కొత్త యోక్ కొననక్కర్లేదు. కొత్త సీలుని రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో కూర్చోబెడితే పెదవి నున్నటి చోట తిరుగుతుంది. బాక్స్‌కీ ట్రాన్స్‌ఫర్ కేస్‌కీ మధ్య సీలు, అది తిరిగే స్పేసర్ మాత్రం రెండూ కొత్తవే వేయాలి. ఇక్కడ పొదుపు చేస్తే చిన్న బాక్సులోని నూనె పెద్ద కేసులోకి పోతుంది. బాక్స్ ఎండుతుంది, మీరు ఎంతో జాగ్రత్తగా పెట్టిన నీడిల్స్‌కి నూనె అందదు.

తిరిగి ఎక్కించడం, ఆయిల్

పైలట్ బుష్ ఇప్పుడే మార్చండి, మళ్లీ ఇంత దూరం విప్పరు. బెల్ హౌసింగ్ ముఖం మీద గీతలు, ఉబ్బులు ఉంటే ఆకురాయితో తీయండి. పక్కకి వాలి కూర్చున్న బాక్స్ మూడో గేరు ఎగరేస్తుంది, ఆ తప్పుని లోపల ఎంత వెతికినా దొరకదు. క్లచ్ ప్లేటుని మధ్యకి తేవడానికి పాత ఇన్‌పుట్ గేరు దగ్గర ఉంటే అదే పనికొస్తుంది. బాక్స్ చివరి అంగుళం కూర్చోకపోతే బోల్టులతో లాగకండి. క్లచ్ ప్లేటు హబ్ వంగుతుంది, లేదా కేసు చెవి విరుగుతుంది. వెనక్కి లాగి, గేరులో వేసి, వెనక యోక్‌ని కొద్దిగా తిప్పుతూ మళ్లీ తోయండి. నూనె గదిలోకి తెరుచుకునే ప్రతి బోల్టు మరకీ సీలెంట్ పెట్టండి.

నూనె విషయంలో రాజీ లేదు: ఎస్ఏఈ 90 లేదా 80డబ్ల్యూ-90, జీఎల్-4 రకం. డబ్బా మీద జీఎల్-5 అని మాత్రమే ఉంటే వద్దు. అది డిఫరెన్షియల్‌కి మంచిది. అందులోని గంధకం కలిసిన మందు సింక్రో రింగుల ఇత్తడిని, బుష్షుల కంచుని తింటుంది, జారుడు ఎక్కువై రింగు కోన్‌ని పట్టుకోలేదు కూడా. మోత తగ్గుతుందని 140 నంబరు నూనె పోసేవాళ్లున్నారు. మోత కొంచెం తగ్గుతుంది నిజమే, కానీ అంత చిక్కటి నూనె చల్లగా ఉన్నప్పుడు నీడిల్స్ లోపలికి చేరదు. రెండింటికీ వేర్వేరుగా, ఫిల్లర్ ప్లగ్ రంధ్రం అంచు దాకా పోయండి.

నాలుగు చక్రాలూ నేలకి అందకుండా స్టాండ్ల మీద నిలబెట్టి, ప్రతి గేరులోనూ హైలో, లోలో రెండు నిమిషాలు తక్కువ స్పీడులో తిప్పండి. అప్పుడు బాక్స్ కింద తడి ఎక్కడుందో చూడండి. మొదటి 500 కిలోమీటర్ల తర్వాత నూనె దింపి, పల్చటి గుడ్డలో వడగట్టండి. ఇత్తడి మెరుపు పొడి కొంచెం రావడం మామూలే, కొత్త రింగులు కూర్చుంటున్నాయి. ఇనుప పొరలు, పెచ్చులు వస్తే బండి ఆపి కవర్ తీయాలి. కొత్త నూనె పోశాక, ఆ తర్వాతి వారం రెండు ప్లగ్గులూ విప్పి లెవెల్ చూడండి. బాక్స్‌లో తగ్గి, ట్రాన్స్‌ఫర్ కేస్‌లో పెరిగి ఉంటే మధ్య సీలు సరిగ్గా కూర్చోలేదు. కొత్త నీడిల్స్ ఎండకముందే, ఈ వారంలోనే బాక్స్ దించి దాన్ని మళ్లీ వేయండి.